తొమ్మిదో అక్షరం దగ్గర కోత: ఒక రైబోజైమ్ ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టుకు అంశం ఇవాళ ఖరారైంది. నేను జన్యు సవరణ అడిగాను, గైడు మేడమ్ రైబోజైమ్ ఇచ్చారు. నా ముఖం చూసి సంగతి గ్రహించినట్టున్నారు. "కొత్తది కనిపెట్టమని అడగడం లేదమ్మా. ముప్పై ఏళ్లకు పైగా అందరికీ తెలిసిన సంగతే. దాన్ని నీ చేత్తో చేసి, నిజంగా జరిగిందని నన్ను ఒప్పించు చాలు" అన్నారు. ఇంతేనా అనుకుంటూ బయటికి వచ్చాను.

రైబోజైమ్ అంటే ఎంజైమ్ పని చేసే ఆర్‌ఎన్‌ఏ. కణంలో రసాయన చర్యలు నడిపేది ప్రోటీన్లేనని ఒకప్పుడు గట్టి నమ్మకం. 1982లో థామస్ చెక్ బృందం టెట్రాహైమెనా అనే ఏకకణ జీవిలో ఒక వింత చూసింది. ఒక ఆర్‌ఎన్‌ఏ ఏ ప్రోటీన్ సాయమూ లేకుండా తన మధ్యలోని ముక్కను తానే కత్తిరించుకుని, మిగిలిన రెండు కొసలనూ తానే అతికించుకుంది. మరుసటి ఏడాది సిడ్నీ ఆల్ట్‌మన్ బృందం ఆర్‌ఎన్‌ఏజ్-పి అనే ఎంజైమ్‌లో అసలు పనిమంతురాలు ఆర్‌ఎన్‌ఏ భాగమేనని తేల్చింది. 1989 రసాయన నోబెల్ ఇద్దరికీ కలిపి వచ్చింది.

మాకు అంత పెద్దవి చేసే స్తోమత లేదు. మేం ఎంచుకున్నది హామర్‌హెడ్. 1986లో పొగాకు మొక్కలకు సోకే ఒక వైరస్‌ను అంటిపెట్టుకుని బతికే ఉపగ్రహ ఆర్‌ఎన్‌ఏలోనూ, అవకాడో చెట్లకు జబ్బు తెచ్చే, ప్రోటీన్ తొడుగు లేని ఉత్త ఆర్‌ఎన్‌ఏ అయిన ఒక వైరాయిడ్‌లోనూ బయటపడింది. వాటి ప్రతులు ఒకదానికొకటి అంటుకుని పొడవాటి గొలుసుగా తయారవుతాయి. గొలుసును సరిగ్గా ఒక్కో ప్రతి దగ్గర తెగ్గొట్టేది ఈ హామర్‌హెడే. కాగితం మీద గీస్తే మూడు కాండాలు, నడుమ ఒక ముడి. సుత్తితల సొరచేపలా ఉందని ఆ పేరు పెట్టారు. నేను నోటు పుస్తకంలో గీసింది మాత్రం మంగలి కత్తెరలా వచ్చింది.

4వ రోజు

శాస్త్రవేత్త ఉలెన్‌బెక్ 1987లో చేసి చూపించిన ఉపాయమే మాకూ ఆధారం: తనను తాను కోసుకునే ఆర్‌ఎన్‌ఏను రెండు పోగులుగా విడదీస్తే ఒకటి కత్తి అవుతుంది, రెండోది కోయించుకునేది, అంటే సబ్‌స్ట్రేట్. కత్తి కోసం ఆయన బృందమే తర్వాత విస్తారంగా వాడిన డిజైన్ తీసుకున్నాం. రెండు చేతులతో సబ్‌స్ట్రేట్‌ను పట్టుకుంటుంది, ఒక్కో చేతికి 8 జతలు. అక్షరాలంటే ఆర్‌ఎన్‌ఏ పోగులో వరుసగా ఉండే ఎ, యు, జి, సి; ఎ యుతో, జి సితో జత కడతాయి. కత్తి పొడవు 38 అక్షరాలు. సబ్‌స్ట్రేట్ 17. కోత పడవలసింది తొమ్మిదో అక్షరానికి, పదో అక్షరానికి మధ్య. ఆ తొమ్మిదో అక్షరం సి. హామర్‌హెడ్ లెక్కల్లో దాని అధికారిక సంఖ్య 17, అంటే సి17. మా పోగులో తొమ్మిదోది, పుస్తకాల్లో పదిహేడోది. ఈ గందరగోళం వల్ల రెండు రోజులు తప్పు చోట చుక్క పెట్టుకుని తిరిగాను.

కత్తి నడుమ ఉండే వరుసలు రెండు: ఒకవైపు సి-యు-జి-ఎ-యు-జి-ఎ, రెండోవైపు జి-ఎ-ఎ. వీటిని ముట్టుకోకూడదు. చేతుల్లోని అక్షరాలు చాలావరకు మార్చుకోవచ్చు, జత కుదరాలి అంతే.

కత్తిని ల్యాబ్‌లోనే, డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ అల్లే టీ7 పాలిమరేజ్ అనే ఎంజైమ్‌తో చేసుకుంటాం. టెంప్లేటు, అంటే అచ్చు డీఎన్‌ఏ, మొత్తం రెండు పోగులుగా ఉండనక్కర్లేదు, ఎంజైమ్ వచ్చి వాలే ప్రమోటర్ భాగం మేరకు జత కడితే చాలు. అందుకని రెండు చిన్న డీఎన్‌ఏ ముక్కలతో సరిపోయింది. ఒక చిక్కు: టీ7కి మొదట రెండు జి-లు ఉంటే ఇష్టం. మా వరుస జి-సితో మొదలవుతుంది. ముందు ఇంకో జి తగిలించాం. 39 అక్షరాలు. సబ్‌స్ట్రేట్ మాత్రం 5-ప్రైమ్ కొసన, అంటే మొదటి కొసన, వెలిగే ఫ్లోరెసీన్ రంగు అంటించి ఉన్నది బయట కొన్నాం. దానితోపాటు మేడమ్ ఇంకో సబ్‌స్ట్రేట్ కూడా తెప్పించారు: అన్నీ అవే అక్షరాలు, తొమ్మిదో సి దగ్గర మాత్రం చక్కెర మీది 2-ప్రైమ్ హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జత) లేదు, హైడ్రోజన్ ఒక్కటే. "ఇది దాచి ఉంచు. దీని రోజు వస్తుంది" అన్నారు.

11వ రోజు

నీళ్ల రోజు. ఆర్‌ఎన్‌ఏను తినే ఎంజైములను చంపే డీఈపీసీ అనే రసాయనం 0.1 శాతం కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున ఆటోక్లేవ్ చేశాను. ట్రిస్ బఫర్‌లో నేరుగా డీఈపీసీ పోయకూడదు, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. ముందు నీళ్లు శుద్ధి చేసుకుని, వాటితో ట్రిస్ కలుపుకోవాలి. ఇది తెలియక అర లీటరు పారబోసిన సీనియర్ అక్క నాకు ముందే చెప్పింది కాబట్టి బతికిపోయాను.

ఆర్‌ఎన్‌ఏతో పని అంటే మడి కట్టుకున్నట్టే. గ్లోవ్స్ వేసుకుని తలుపు గడియ ముట్టుకుంటే మళ్లీ గ్లోవ్స్ మార్చాలి. జుట్టు సర్దుకుంటే మార్చాలి. ఫోను సంగతి చెప్పనే అక్కర్లేదు. మన చర్మం మీదే ఆర్‌ఎన్‌ఏను నమిలేసే ఎంజైములు ఉంటాయి. మా అమ్మమ్మ చూస్తే మెచ్చుకునేది.

13వ రోజు

ట్రాన్స్‌క్రిప్షన్, అంటే డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ చేయడం. నాలుగు అక్షరాలకు ముడిసరుకులైన ఏటీపీ, జీటీపీ, సీటీపీ, యూటీపీ కలిపి, మెగ్నీషియం, పాలిమరేజ్ వేసి 37 డిగ్రీల్లో పెట్టాను. ఏటీపీ ట్యూబు తీసినప్పుడల్లా నాకు ఒక చిన్న గర్వం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫేటును రంగుతో కొలిచే పద్ధతి రాశారు. ఆ దారి పట్టుకునే కండరాల్లోని ఫాస్ఫేటు పదార్థాలను వెతుకుతూ 1929 నాటికి ఏటీపీని చేరారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా చేరాడు.

రెండు గంటల తర్వాత ట్యూబు వెలుతురుకు పెట్టి చూస్తే తెల్లగా, గంజి కలిపినట్టు ఉంది. పాడైపోయిందనుకుని గుండె గుభేలుమంది. అక్క చూసి నవ్వింది: "అది మెగ్నీషియం పైరోఫాస్ఫేటు. ఎంత తెల్లగా ఉంటే అంత ఆర్‌ఎన్‌ఏ తయారైనట్టు." పాలిమరేజ్ ఒక్కో అక్షరం కలిపినప్పుడల్లా ఒక పైరోఫాస్ఫేటు రాలుతుంది. అదే మెగ్నీషియంతో కలిసి పేరుకుంది. మెగ్నీషియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ కొంచెం వేయగానే తేటపడింది.

14వ రోజు

20 శాతం యాక్రిలమైడ్, 7 మోలార్ యూరియా జెల్ పోశాను; కరెంటు పెడితే ముక్కలను పొడవును బట్టి విడదీసే జల్లెడ అది. నడిపాక జెల్‌ను ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, వెలిగే పూత ఉన్న టీఎల్‌సీ పలక మీద పరిచి, చీకటి గదిలో 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం పట్టాను. పలక అంతా ఆకుపచ్చగా వెలుగుతుంటే, ఆర్‌ఎన్‌ఏ ఉన్న చోట మాత్రం నల్లని నీడ. ఒకటి కాదు, రెండు నీడలు, వెంట్రుకవాసి తేడాతో. టీ7 చివర్లో ఊరికే ఇంకో అక్షరం తగిలించే అలవాటున్న ఎంజైమ్, కాబట్టి 39, 40. రెండూ కోస్తాయి, కానీ నేను కింది దాన్నే బ్లేడుతో కోసి తీసుకున్నాను. ముక్కలు చేసి, 0.3 మోలార్ సోడియం అసిటేట్‌లో రాత్రంతా నానబెట్టి, ఆల్కహాల్‌తో కిందికి దించాను. ట్యూబు అడుగున కనిపించీ కనిపించని తెల్లటి మరక. రెండు వారాల కష్టం ఆ మరక.

18వ రోజు

కోసింది!

కత్తి, సబ్‌స్ట్రేట్ కలిపి 95 డిగ్రీల్లో ఒక నిమిషం వేడిచేసి, చల్లారనిచ్చి, మెగ్నీషియం 10 మిల్లీమోలార్ వేసి, పావుగంట ఆగి, జెల్ మీద నడిపితే పైనున్న 17 అక్షరాల బ్యాండ్ సన్నబడి, కింద కొత్త బ్యాండ్ వచ్చింది. ఫొటో తీసి ల్యాబ్ గ్రూపులో పెట్టాను. ఇంటికి ఫోను చేశాను. నాన్న "ఏం కోసింది?" అని అడిగారు. చెప్పాను. "మంచిదమ్మా" అన్నారు.

19వ రోజు

కోయలేదు.

మేడమ్ ఫొటో చూసి ఒకటే అడిగారు: "కత్తి లేని లేన్ ఏది?" నేను వేయలేదు. ఇవాళ వేశాను. సబ్‌స్ట్రేట్, బఫర్, మెగ్నీషియం మాత్రమే. అవే బ్యాండ్లు వచ్చాయి.

నిన్నటి ఫొటో మళ్లీ పెద్దది చేసి చూశాను. కింద ఉన్నది ఒక బ్యాండ్ కాదు. తొమ్మిది దగ్గర ఒకటి, దాని కింద ఎనిమిది దగ్గర ఒకటి, ఆరు దగ్గర ఇంకొకటి, పైన పదకొండు, పన్నెండు దగ్గర మసక. నిన్న నా కంటికి తొమ్మిది ఒక్కటే కనిపించింది. సబ్‌స్ట్రేట్ వరుస తీసి లెక్కపెడితే ఆ స్థానాలన్నీ సి లేదా యు. సి, యు తర్వాత కోసేది ఆర్‌ఎన్‌ఏజ్-ఎ అనే ఎంజైమ్. పక్క బెంచీ మీద బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ డీఎన్‌ఏ తీసే వాళ్ల మొదటి బఫర్‌లో ఉండేదీ అదే. వాళ్లూ నేనూ ఒకే పిపెట్ వాడుతున్నాం.

ఆర్‌ఎన్‌ఏజ్-ఎ మొండిది. మరిగించినా చల్లారాక మళ్లీ మడత పడి పనిలోకి దిగుతుంది. ఆటోక్లేవ్‌ను కూడా పూర్తిగా నమ్మలేం. ఇవాళ ఐదు బఫర్లు పారబోశాను. కొత్త పిపెట్ మీద టేపు అంటించి "ఆర్‌ఎన్‌ఏ మాత్రమే, ముట్టుకోవద్దు" అని ఎర్ర సిరాతో రాశాను.

రాత్రి హాస్టల్‌లో కోపం తగ్గాక ఒక సంగతి తట్టింది. నా సబ్‌స్ట్రేట్‌ను పాడు చేసిన ఆర్‌ఎన్‌ఏజ్-ఎ, నేను పని చేయించాలనుకున్న హామర్‌హెడ్ చేసేది ఒకే రసాయన చర్య. ఆర్‌ఎన్‌ఏలో ప్రతి చక్కెరకూ 2-ప్రైమ్ స్థానంలో ఒక హైడ్రాక్సిల్ ఉంటుంది. దాని ఆక్సిజన్ పక్కనే ఉన్న ఫాస్ఫరస్ మీదికి దూకితే అవతలి 5-ప్రైమ్ ఆక్సిజన్ ఊడిపోతుంది. ఇటు కొసన 2-ప్రైమ్, 3-ప్రైమ్ స్థానాలను కలిపే వలయ ఫాస్ఫేటు, అటు కొసన 5-ప్రైమ్ హైడ్రాక్సిల్ మిగులుతాయి. డీఎన్‌ఏకు ఆ హైడ్రాక్సిల్ లేదు కాబట్టే వేల ఏళ్ల ఎముకల్లో కూడా దొరుకుతుంది. ఆర్‌ఎన్‌ఏ తన చావును ప్రతి అక్షరం దగ్గరా వెంటబెట్టుకునే తిరుగుతుంది. అలాంటప్పుడు హామర్‌హెడ్ గొప్పతనం కోయడంలో లేదు. పదహారు చోట్ల తెగడానికి సిద్ధంగా ఉన్న పోగును ఒక్క చోటే, నిమిషంలో కోయడంలో ఉంది. నేను మేడమ్‌కు చూపించవలసింది అదన్నమాట.

24వ రోజు

ఈసారి కత్తి లేని లేన్ శుభ్రం. కత్తి ఉన్న లేన్‌లో ఒకే ఒక్క కొత్త బ్యాండ్. కానీ అది ఎందుకో మధ్యలో తినేసినట్టు, వెలుగు తక్కువగా ఉంది. అరగంట బుర్ర గోక్కున్నాక తెలిసింది: నమూనాలో కలిపిన నీలిరంగు, బ్రోమోఫినాల్ బ్లూ. 20 శాతం జెల్‌లో అది 8 అక్షరాల ముక్క నడిచే చోటే నడుస్తుంది, అంటే నా బ్యాండ్ నెత్తిన కూర్చుని దాని వెలుగు తాగేస్తోంది. ఇకమీదట రంగు పక్క లేన్‌లోనే.

జెల్ నడిపే వాళ్లకు ఇంకో ముక్క: లోడ్ చేసే ముందు గుంతల్లో పేరుకున్న యూరియాను సిరంజితో బఫర్ చిమ్మి కడగాలి. కడగకపోతే నమూనా గుంత అడుగుకు దిగదు, బ్యాండ్ల కొసలు మీసాల్లా పైకి మెలితిరుగుతాయి. కరెంటు పోతే జెల్ చల్లబడి, మడతలు మళ్లీ పడి, బ్యాండ్లు పలచబడతాయి. దీనికి మందు లేదు.

27వ రోజు

వేగం కొలిచే పని. కత్తి 1 మైక్రోమోలార్, సబ్‌స్ట్రేట్ అందులో పదో వంతు. ఏ కత్తీ ఒక కోతకు మించి కోయనక్కర్లేకుండా. ఎంజైమ్ అంటే ఒకటి కోశాక ఇంకోదానికి వెళ్లాలి కదా అని అక్క ఎత్తిపొడిచింది. వెళ్లాలి, కానీ మా డిజైన్‌లో చేతులు పొడవు. కోత అయిపోయినా ఎనిమిదేసి జతలతో ముక్కలు కరుచుకునే ఉంటాయి, భోజనం అయినా విస్తరి ముందు నుంచి లేవని చుట్టంలా. అది కొలిస్తే కోత వేగం రాదు, చుట్టం లేచే వేగం వస్తుంది. చేతులు పొట్టివైతే ఆ బాధ ఉండదు.

పీహెచ్ 7.5లో మొదటి చిక్కు: అర సెకను ఆలస్యమైనా లెక్క తప్పేంత వేగం కాకపోయినా, ఒక చేత్తో ట్యూబు, ఒక చేత్తో స్టాప్‌వాచీ పట్టుకుని పది సెకన్లకో చుక్క తీయడం నా వల్ల కాలేదు. మేడమ్ సలహా: పీహెచ్ తగ్గించు. 6.5 దగ్గర ఎంఈఎస్ బఫర్‌లో తీరిగ్గా కొలిచాను. సగం కోయడానికి సుమారు 9 నిమిషాలు. 7.0లో రెండున్నర. ధైర్యం వచ్చాక, అక్క స్టాప్‌వాచీ చదువుతుంటే, 7.5లో 50 సెకన్లు. పీహెచ్ ఒక మెట్టు పెరిగితే వేగం పదింతలు. గీత తిన్నగా వచ్చింది. ఏ పీహెచ్‌లోనైనా 80 శాతం దగ్గర ఆగిపోతోంది, మిగిలినవి తప్పుగా మడతపడి ఉంటాయి.

పదింతలు ఎందుకు? ఎవరో ఒకరు 2-ప్రైమ్ హైడ్రాక్సిల్ నుంచి ప్రోటాన్ లాక్కుంటేనే దాని ఆక్సిజన్ దూకగలదు. ఆ లాక్కునే పని జి-ఎ-ఎ వరుసలోని మొదటి జి-ది, దాని సంఖ్య 12. జి అంటే గ్వానీన్, అది తన ఎన్1 అనే నైట్రజన్ మీది ప్రోటాన్‌ను పీహెచ్ 9 దాటితే గాని సుఖంగా వదలదు. ముందు తాను వదిలితేనే ఎదుటి దాని నుంచి లాక్కోగలదు. కాబట్టి 7.5లో ఏ క్షణంలో చూసినా పనికి సిద్ధంగా ఉన్న జి12లు చాలా కొద్ది. పీహెచ్ పెంచితే ఆ కొద్దీ పదింతలవుతాయి. జి12ను ఎ-గా మార్చిన కత్తి కూడా చేసి చూశాను. గంటసేపు ఆగినా, కళ్లు చికిలిస్తే కనిపించీ కనిపించని నీడ మాత్రమే.

30వ రోజు

జెల్‌కు సెలవు. కంప్యూటర్‌లో నిర్మాణాలు తిప్పి చూస్తూ కూర్చున్నాను. రోజంతా పోయింది, విచారం లేదు.

హామర్‌హెడ్ స్ఫటిక నిర్మాణాలు, అంటే పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటాలు, మొదట వచ్చింది 1994, 1995లలో. మెకే బృందం ఒకటి, కేంబ్రిడ్జిలో స్కాట్, క్లుగ్ బృందం ఒకటి. అవి మా కత్తి లాంటి కురచ హామర్‌హెడ్లు. అందరూ సంబరపడ్డారు, తర్వాత తలలు పట్టుకున్నారు. దూకవలసిన ఆక్సిజన్, ఫాస్ఫరస్, ఊడవలసిన ఆక్సిజన్ మూడూ ఒకే గీత మీద ఉంటేనే కోత పడుతుంది. ఆ నిర్మాణాల్లో దూకవలసినది పక్కకు తిరిగి కూర్చుంది. మార్చితే పని చచ్చిపోయే అక్షరాలు కోత చోటుకు దూరంగా, ఏ పనీ లేనట్టు కనిపించాయి. గొట్టాల్లో వచ్చిన ఫలితాలు ఒకటి చెబితే, స్ఫటికం ఇంకొకటి చెప్పింది. పదేళ్లు ఈ తగవు తెగలేదు.

తగవుకు కారణం పొదుపు. సహజమైన హామర్‌హెడ్‌లో ఒకటో కాండం, రెండో కాండం చివర ఉచ్చులు, ఉబ్బులు ఉంటాయి. నడుమ ముడికి వాటితో సంబంధం లేదనుకుని తొలి రోజుల్లోనే కత్తిరించి పారేశారు. ఆ ఉచ్చులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయని, ఆ పట్టు వల్లే ముడి బిగుస్తుందని 2003లో తేలింది. 2006లో మార్టిక్, స్కాట్ మనుషులకు సోకే షిస్టోసోమా మాన్సోనై అనే పరాన్నజీవి నుంచి నిండు హామర్‌హెడ్ నిర్మాణం తీశారు. అందులో ఆ మూడు పరమాణువులూ దాదాపు ఒకే గీత మీదికి వచ్చాయి. జి12 ఆ హైడ్రాక్సిల్ పక్కనే ఉంది. రెండోవైపు, సి-యు-జి-ఎ-యు-జి-ఎ వరుసలోని రెండో జి, అంటే జి8, తన సొంత 2-ప్రైమ్ హైడ్రాక్సిల్‌ను ఊడిపోయే ఆక్సిజన్ వైపు చాచి ఉంది, వెళ్లేవాడి చేతిలో ప్రోటాన్ పెట్టడానికి. జి8 వెళ్లి అదే వరుసలోని మొదటి సి, అంటే సి3తో జత కట్టింది. పాత నిర్మాణాల్లో ఆ జతే లేదు. నిండు హామర్‌హెడ్ వేగం కురచదాని కంటే వెయ్యింతల వరకు ఉంటుంది. కణంలో ఉండేటంత తక్కువ మెగ్నీషియంలోనూ పనిచేస్తుంది.

అంటే నా 50 సెకన్లు కుంటి గుర్రం నడక. కురచ కత్తి ఎప్పుడో ఒకసారి, తిరుగుతూ తిరుగుతూ, సరైన ముడిలోకి పడుతుంది. పడినప్పుడు కోస్తుంది.

33వ రోజు

మెగ్నీషియం లేకుండా నడుస్తుందా? 1998లో స్కాట్ బృందమే 4 మోలార్ లిథియంలో హామర్‌హెడ్‌ను నడిపించింది. మా దగ్గర ఆర్‌ఎన్‌ఏ దించడానికి లిథియం క్లోరైడు సీసాలు ఉన్నాయి. ఈడీటీఏ వేసి చూశాను. కోసింది, నెమ్మదిగా. మెగ్నీషియం లోహమే కోత కోస్తుందని పాత పుస్తకాల్లో చదివి వచ్చిన నాకు ఇది కొంచెం మింగుడు పడలేదు. ఆర్‌ఎన్‌ఏ వెన్నెముక నిండా రుణావేశాలు, దగ్గరికి రానివ్వవు. వాటిని సముదాయించి మడత పెట్టడం మెగ్నీషియం ముఖ్యమైన పని. అది సరిపడా ఉప్పుతోనూ అవుతుంది. నమూనాను ఉప్పుతోనే లోడ్ చేసినందువల్ల జెల్ సగం వంకర పోయింది. ఆల్కహాల్‌తో దించి, కడిగి, మళ్లీ నడిపాను.

38వ రోజు

మేడమ్ దాచమన్న ట్యూబు రోజు.

మామూలు సబ్‌స్ట్రేట్‌ను సోడియం కార్బొనేట్‌లో వేసి 95 డిగ్రీల్లో కొన్ని నిమిషాలు వేడిచేశాను. క్షారం ప్రోటాన్లు లాగేస్తుంది, ప్రతి హైడ్రాక్సిల్ తన పక్క ఫాస్ఫరస్ మీద దూకుతుంది. ఎవరూ చెప్పకుండానే, ఎక్కడ పడితే అక్కడ. జెల్ మీద అది నిచ్చెన అవుతుంది, ఒక్కో అక్షరానికి ఒక్కో మెట్టు. ఆ పక్కనే తొమ్మిదో హైడ్రాక్సిల్ లేని సబ్‌స్ట్రేట్‌ను కూడా అలాగే వేడిచేసి వేశాను. తర్వాతి రెండు లేన్లలో ఈ రెండూ కత్తితో, పీహెచ్ 7.5, గంటసేపు.

కత్తి వేసిన మామూలు సబ్‌స్ట్రేట్ బ్యాండ్ నిచ్చెన తొమ్మిదో మెట్టుకు సూటిగా వచ్చింది. రెండింటి కొసనా అదే వలయ ఫాస్ఫేటు కదా. హైడ్రాక్సిల్ లేని దాన్ని కత్తి గంటసేపు పట్టుకుని కూర్చుంది, గాటు కూడా పెట్టలేదు. పైన 17 దగ్గర నిండు బ్యాండ్ ఒక్కటే.

ప్రింటు తీసి మేడమ్ బల్ల మీద పెట్టాను. కత్తి లేన్ల వైపు ఆవిడ చూడలేదు. పెన్సిల్ మొన రెండో నిచ్చెన అడుగున ఆనించి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ లెక్కపెట్టారు. "ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది." పెన్సిల్ ఖాళీ మీద ఒక క్షణం ఆగింది. "పది." కింద సంతకం పెట్టి, తారీఖు వేయమని నాకు ఇచ్చారు.